గాయనుల ట్రెండింగ్ పాటకు చిన్న వీడియో తీయడం ఎలా? పాట వినడం నుంచి పోస్టు చేసేదాకా

కర్నూలులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే నా గదికి వారానికి ఇద్దరు ముగ్గురైనా ఫోను చేత పట్టుకుని వస్తారు. "అక్కా, అదే పాట, అదే రంగు చీర, అవే అడుగులు. ఆ అమ్మాయి వీడియో అంత బాగుంది, నాది ఎందుకు తేలిపోయింది?" అంటారు ఒకరు. పెదవులు ఒకచోట, పాట ఒకచోట పోతున్నాయని ఇంకొకరి బాధ. నిన్న మోగిన పాట ఇవాళ మూగబోయిందని మరొకరి ఫిర్యాదు.

అందరినీ నేను ముందుగా అడిగేది ఒకటే: ఫోను తీయకముందు పాట ఎన్నిసార్లు విన్నారు? "రెండు మూడు సార్లు" అంటారు. ఇరవై సార్లయినా వినాలి. అందుకే ఈ మార్గదర్శిలో కెమెరా మాట సగం దాటాక గానీ రాదు. ఓపిక లేనివారు నేరుగా ఏడో అంచెకు దూకవచ్చు. మళ్లీ వెనక్కి వస్తారని నాకు తెలుసు.

## 1. పాటను ఎంచుకోవడం

ఇన్‌స్టాగ్రామ్‌లో పాట పేరు పక్కన పైకి చూపే చిన్న బాణం గుర్తు ఉంటే ఆ పాట ఇప్పుడు ఊపులో ఉందని అర్థం. గుర్తు కనబడగానే చీర మార్చుకోకండి. పాట పేరు మీద నొక్కితే దానితో తీసిన వీడియోలన్నీ వరుసగా వస్తాయి. పైనున్న పది చూడండి. ఎనిమిదింటిలో ఒకే అడుగు, ఒకే చేతి విసురు కనిపిస్తే మీ ముందు రెండు దారులున్నాయి. ఆ అడుగే నేర్చుకుని చేయడం ఒకటి, ఆ పాటలోనే ఎవరూ ముట్టుకోని చరణం తీసుకోవడం రెండోది. నేను రెండోదానికే ఓటు వేస్తాను. మొదటి దారిలో మీరు పోటీ పడవలసింది ఏళ్ల తరబడి నాట్యం నేర్చినవారితో.

పాట పాతబడిందేమోనన్న భయం అనవసరం. సినిమా పాటలు విడుదలైన నెలలో ఎగసి, తరువాత చల్లబడతాయి. పెళ్లి, సీమంతం, జాతర పాటలు అలా కాదు, ముహూర్తాల కాలం వచ్చిన ప్రతిసారీ లేస్తాయి. మోహన భోగరాజు పాడిన "బుల్లెట్ బండి" సినిమా పాట కూడా కాదు. 2021లో ఒక పెళ్లికూతురు చేసిన నృత్యంతో ఊరూరా పాకింది. పెళ్లికూతురు పాడుకోవలసిన పాటకు పెళ్లికూతురే ఆడింది, అంతే. మీరు ఎంచుకున్న పాటకూ మీ సందర్భానికీ అంత దగ్గరి చుట్టరికం ఉందా అని చూసుకోండి.

తరువాత గొంతు స్వభావం చూడాలి. దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు.

- విప్పిన గొంతు. మంగ్లీ పాడిన "సారంగ దరియా" లాంటిది. ఇక్కడ ఒళ్లంతా పాడాలి. ముఖం మాత్రమే చూపిస్తే గొంతు పెద్దది, మనిషి చిన్నది అయిపోతుంది. మోకాళ్ల నుంచి పైకి కనబడేలా తీయాలి.
- మెత్తని గొంతు. శ్రేయా ఘోషల్, చిత్ర పాడే మెలొడీలు. దగ్గరి నుంచి తీయాలి, చేతులు తక్కువ ఆడాలి. కళ్లు మూసి తెరవడం కూడా ఇక్కడ పెద్ద కదలికే.
- కవ్వించే గొంతు. ఇంద్రావతి చౌహాన్ పాడిన "ఊ అంటావా" తరహా. ఇందులో మాటలకంటే మాటల మధ్య విరామాలు ముఖ్యం. ఆ విరామంలో మీరు ఏం చేస్తారన్నదే వీడియో.

మంగ్లీ, ఇంద్రావతి అనంతపురం జిల్లా గుత్తి ప్రాంతపు తండా నుంచి వచ్చిన అక్కాచెల్లెళ్లు. వారి పాటలు రెండు పక్కపక్కన పెట్టుకుని కళ్లు మూసుకుని వినండి. ఒకే ఇంటి గొంతులు రెండు ఎంత వేరుగా నడుస్తాయో తెలుస్తుంది. నేను చెప్పేదానికంటే అది మంచి పాఠం.

## 2. అసలు పాట ఏదో, నకలు ఏదో తేల్చుకోవడం

ఒకే పాట వెతికితే ఇరవై రకాలుగా దొరుకుతుంది. వేగం పెంచినది, ప్రతిధ్వని కలిపినది, ఎవరో తమ ఫోనులో రికార్డు చేసి ఎక్కించినది. అలాంటి నకలు మీద వీడియో చేస్తే, హక్కుదారులు దాన్ని తొలగించిన రోజు మీ వీడియో కూడా మూగబోతుంది. మీ తప్పు ఏమీ లేకపోయినా సరే.

అందుకే సంగీత సంస్థ పేరుతో, సినిమా బొమ్మతో ఉన్న అధికారిక ఆడియోనే వాడండి. యాప్‌లోని పాటల జాబితా నుంచే తీసుకోండి. బయట దించుకున్న పాటను ఎడిటింగ్ యాప్‌లో కలిపి ఎక్కిస్తే సమస్యలు మొదలవుతాయి.

ఖాతా రకం కూడా చూసుకోండి. ఇన్‌స్టాగ్రామ్‌లో వ్యాపార ఖాతాలకు సినిమా పాటలు చాలావరకు అందవు. ఉచితంగా వాడుకోదగిన సంగీతం మాత్రమే కనిపిస్తుంది. ఈ సంగతి నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. ఒక చీరల దుకాణానికి మంచి ఊపున్న పాటతో వీడియో చేసి ఇచ్చాను. నా ఖాతాలో చక్కగా మోగిన పాట వారి ఖాతాలో దొరకనే లేదు. పండగ అమ్మకాల ముందు రాత్రి కూర్చుని, వేరే సంగీతం మీద మొత్తం కోతలన్నీ మళ్లీ సరిచేశాను. కూలి అడగడానికి కూడా నోరు రాలేదు. అప్పటి నుంచి "ఖాతా సొంతమా, వ్యాపారమా?" అని కూడా తప్పక అడుగుతున్నాను. సొంత ఖాతా అయినా, డబ్బు తీసుకుని సరుకు చూపించే వీడియో వ్యాపారం కిందికే వస్తుంది.

ఇక గాయని పేరు. యాప్‌లో తరచు సినిమా పేరో సంగీత దర్శకుడి పేరో మాత్రమే కనిపిస్తుంది. సంగీత సంస్థ అధికారిక యూట్యూబ్ ఛానెల్‌లో ఆ పాట కింది వివరాలు తెరిస్తే పాడినవారు, రాసినవారు అందరూ ఉంటారు. అక్కడి నుంచి రాసుకోండి, ఇతరుల వ్యాఖ్యల నుంచి కాదు. నటి పేరు రాసి గాయనిని మరచిపోయే అలవాటు మనకు ఎక్కువ.

## 3. ఇరవై సెకన్లు కోసుకోవడం

యూట్యూబ్ షార్ట్స్, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ రెండూ ఇప్పుడు మూడు నిమిషాల వీడియోలను కూడా అనుమతిస్తాయి. అనుమతి ఉందని వాడుకోనక్కర లేదు. కొత్తవారికి ఇరవై సెకన్లు చాలు.

ఈ పనికి ఒక తెల్ల కాగితం, పెన్సిలు తీసుకోండి. పాట మోగుతుండగా తొడ మీద తాళం వేయండి. 15 సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కించి నాలుగుతో హెచ్చవేయండి. 25 పడితే నిమిషానికి 100. అంటే దెబ్బకు 0.6 సెకను, ఎనిమిది దెబ్బలకు 4.8 సెకన్లు. అలాంటి ఎనిమిదులు నాలుగు కలిస్తే 19.2 సెకన్లు. మీ వీడియో నిడివి అదే. ఇరవై సెకన్లు కావాలని ఎనిమిది మధ్యలో కోస్తే, చూసేవారికి కారణం తెలియకపోయినా ఏదో తెగినట్టు అనిపిస్తుంది.

నడక కూడా చూసుకోండి. తకధిమి (నాలుగు లెక్క) నడకా, తకిట (మూడు లెక్క) నడకా? డప్పు మీద నడిచే జానపద బాణీలు కొన్ని తకిటలో ఉంటాయి. వాటికి నాలుగు లెక్కన అడుగులు వేస్తే రెండో వరుసకే కాలు జారుతుంది. కోలాటం, చెక్కభజన వేసిన ఇంటి ఆడవారిని అడగండి. లెక్క చెప్పకుండానే సరిగా వేసి చూపిస్తారు.

ఎక్కడ మొదలుపెట్టాలి? మొదటి మాట దగ్గర కాదు. మాటకు ముందు గాయని తీసుకునే ఊపిరి దగ్గర. ఇయర్‌ఫోను పెట్టుకుని వింటే చాలా పాటల్లో ఆ చిన్న చప్పుడు వినిపిస్తుంది. అది అర సెకను కూడా ఉండదు. ఆ అర సెకనులో మీరూ ఊపిరి తీసుకుంటే, మొదటి మాటకు ముఖం సిద్ధంగా ఉంటుంది. మాట దగ్గరే మొదలుపెట్టినవారి ముఖం మొదటి అక్షరాన్ని పట్టుకోవడానికి పరుగెత్తుతూ కనిపిస్తుంది. నా గదికి వచ్చే వీడియోల్లో సగానికి ఈ ఒక్క మార్పు చాలు.

ముగింపు కూడా ఆలోచించి కోయండి. చిన్న వీడియో అయిపోగానే మళ్లీ మొదటి నుంచి తిరుగుతుంది. చివరి మాట తరువాత మొదటి ఊపిరి వచ్చినా అతుకు తెలియకూడదు. చివరి భంగిమ, మొదటి భంగిమ ఒకటే పెట్టుకుంటే ఇది సులువు.

కాగితం మీద ఉండవలసినవి:

- ఎనిమిదికి ఒక వరుస చొప్పున పాట మాటలు
- ఊపిరి దగ్గర నిలువు గీత
- చూపు ఎటో బాణం గుర్తు
- ప, ఫ, బ, భ, మ అక్షరాల కింద గీత (ఎందుకో కింద చెబుతాను)

## 4. పెదవి సాధన

కడప నుంచి ఒక డిగ్రీ అమ్మాయి వచ్చింది. పాటంతా కంఠస్థమే, ఒక్క మాట తప్పదు. అయినా వీడియోలో అబద్ధంగా కనిపిస్తోంది. నెమ్మదిగా తిప్పి చూస్తే దొరికింది: "మ" వచ్చిన ప్రతిచోటా ఆమె పెదవులు కలవడం లేదు. నవ్వు ముఖం చెదరకూడదని నోరు సగం తెరిచే ఉంచుతోంది.

చిన్నప్పుడు బడిలో ఓష్ఠ్యాలు అని చెప్పారు గుర్తుందా? ప, ఫ, బ, భ, మ. పెదవులు కలిస్తే గానీ పలకని అక్షరాలు. చూసేవారి కన్ను పట్టుకునేది వాటినే. మిగతా అక్షరాలు కొంచెం అటూ ఇటూ అయినా క్షమిస్తారు, ఓష్ఠ్యం దగ్గర నోరు తెరిచి ఉంటే మాత్రం వెంటనే పట్టేస్తారు. అందుకే కాగితం మీద వాటి కింద గీతలు గీయమన్నాను. ఆ అమ్మాయి గీతలున్న చోట మాత్రమే శ్రద్ధ పెట్టి నాలుగుసార్లు చేసింది. అయిదోసారి తీసిందే పోస్టు చేసింది.

రెండో సూత్రం: నోరు మాత్రమే కదపకండి, సన్నగా పాడండి. శ్రుతి పోయినా ఫరవాలేదు, మీ గొంతు వీడియోలో వినిపించదు. పాడినప్పుడు మెడ, దవడ, కనుబొమ్మలు వాటంతటవే కదులుతాయి. రాగం సాగదీసిన చోట గాయని ఆపేదాకా మీ నోరు కూడా తెరిచే ఉండాలి. ముందే మూసేయడం రెండో పెద్ద తప్పు.

పాట హిందీ, తమిళం, కొరియన్ ఏదైనా, వినిపించినట్టే తెలుగు లిపిలో రాసుకోండి. అర్థం కూడా తెలుసుకోండి. అత్తగారితో కలిసి నవ్వుతూ చేసిన వీడియోలో పాట మాట వేరే అర్థం ఇచ్చిందని, రెండు రోజులకు తీసేసినవారు నాకు తెలుసు.

## 5. చోటు, వెలుతురు

మన దగ్గర చోట్లకు కొదవ లేదు. ఇబ్బంది ఎండతోనే.

పొద్దు పొడిచిన గంట, పొద్దు గుంకే ముందు గంట. ఈ రెండే మంచి వేళలు. మే నెలలో సుమారు ఆరుకు పావుగంట ముందే తెల్లవారుతుంది. డిసెంబరు చివర ఆరున్నర దాటుతుంది. ఆ వేళకు చోటులో నిలబడి ఉండాలి గానీ ఇంట్లో జడ వేసుకుంటూ ఉండకూడదు. మధ్యాహ్నం ఎండలో కళ్ల కింద నీడలు గుంటల్లా పడతాయి, వేసవిలో ఫోను వేడెక్కి కెమెరా తనంతట తానే ఆగిపోతుంది.

గండికోట. పెన్నా లోయ అంచున తెల్లవారుజామున వెలుతురు అద్భుతం. అంచున కంచె ఉంటుందని నమ్ముకోకండి. నాట్యం చేసే వీడియో అక్కడ వద్దు. కూర్చుని పాడేవే తీయండి, అదీ అంచుకు పది అడుగులు ఇవతల. గాలి బలంగా ఉంటుంది కాబట్టి పల్చని ఓణీ, విరబోసిన జుట్టు రెండూ ముఖం మీదికే వస్తాయి. పిన్నులు ఎక్కువ తీసుకెళ్లండి. లోపల మాధవరాయ స్వామి గుడి, ధాన్యాగారం గోడలు నీడపట్టున మంచి వెనుక తెర అవుతాయి. ఇది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. చేత్తో పట్టుకుని ఫోనులో తీసుకోవడం వేరు, మూడుకాళ్ల స్టాండు, లైట్లు పెట్టడం వేరు. రెండోదానికి ముందుగా అనుమతి కావాలి. లేపాక్షిలోనూ ఇదే మాట.

ఓర్వకల్లు రాళ్ల తోట. కర్నూలు నుంచి నంద్యాల దారిలో ఉంది. కవ్వించే పాటలకు, జానపదాలకు ఆ రాళ్లు బాగుంటాయి. రాయి వేడెక్కాక చెప్పులు లేకుండా ఆడలేరు, ఉదయమే వెళ్లండి.

కొండారెడ్డి బురుజు. అందరూ అక్కడే తీస్తారు, జనం, వాహనాలు చుట్టూ. ఆదివారం తెల్లవారుజామున తప్ప నేను వెళ్లను.

మీ ఇంటి మిద్దె. నిజం చెప్పాలంటే మొదటి పది వీడియోలకు ఇదే సరైన చోటు. సాయంత్రం, గోడకు నాలుగడుగులు ముందు నిలబడి, పొద్దు మీ ముఖానికి ఏటవాలుగా పడేలా చూసుకోండి. ఆరవేసిన బట్టలు, నీళ్ల ట్యాంకు మీద రాసిన పేరు కనబడకుండా కోణం చూడండి. వేరుశనగ చేను, మామిడి తోట ఉన్నవారు అదృష్టవంతులు. వారికి నేను చెప్పేది ఏమీ లేదు, మూలకు పెట్టిన పురుగుమందు డబ్బాలు తీసేయమని తప్ప.

రైలు పట్టాల మీద తీయకండి. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరం, ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. చట్టం సంగతి అలా ఉంచినా, చెవిలో పాట పెట్టుకున్నవారికి రైలు కూత వినిపించదు.

గుళ్లలోకి ఫోను అనుమతించేది లేనిదీ ముందే కనుక్కోండి. అనుమతి ఉన్నా, దర్శనానికి వచ్చినవారి ముఖాలు మీ వీడియోలో పడకూడదు.

## 6. బట్టలు

క్లుప్తంగా చెబుతాను. గండికోట, ఓర్వకల్లు రాళ్ల ముందు గోధుమ, ఇటుక రంగులు కలిసిపోతాయి. ఆకుపచ్చ, నీలం, మీగడ రంగు నిలబడతాయి. సన్నటి గీతల చీరలు ఫోను తెర మీద జలదరిస్తాయి, వద్దు. మెత్తని పాటకు గలగలలాడే గాజులు మంచివే, శబ్దం ఎలాగూ రాదు. కానీ ఎండ తగిలి మెరిసే అద్దాల పని ముఖం నుంచి చూపును లాగేస్తుంది.

## 7. చిత్రీకరణ వరుస

బయలుదేరే ముందు చూసుకోవలసినవి:

- ఫోను ఛార్జి నిండుగా, కనీసం రెండు జీబీ ఖాళీ (నిమిషం వీడియోకు ఫోనును బట్టి 60 నుంచి 130 ఎంబీ దాకా పడుతుంది)
- లెన్సు తుడవడానికి మెత్తని నూలు గుడ్డ
- కాగితం
- ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో, పాట ముందే దించుకుని మరో ఫోనులో
- నీళ్లు, గొడుగు, తోడు ఒకరు

వరుస ఇది.

ఒకటి. లెన్సు తుడవండి. నవ్వకండి, మసకగా వచ్చిన వీడియోల్లో ఎక్కువ వాటికి కారణం లెన్సు మీది నూనె మరకే. తలకు కొబ్బరినూనె పెట్టుకున్న రోజు మరీను.

రెండు. వెనుక కెమెరా వాడండి. 1080 నాణ్యత, సెకనుకు 30 ఫ్రేములు (వీడియోలోని ఒక్కో బొమ్మ ఒక ఫ్రేము) చాలు. ఫోను నిలువుగా పెట్టండి.

మూడు. తెర మీద మీ ముఖం ఉన్నచోట వేలు నొక్కి పట్టుకుంటే వెలుతురు, ఫోకస్ స్థిరపడతాయి. అలా చేయకపోతే మీరు కదిలినప్పుడల్లా వెలుతురు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.

నాలుగు. తెర కింది అయిదో వంతు, కుడివైపు అంచు యాప్ అక్షరాలకు, గుర్తులకు పోతాయి. ముఖం నడిమికి కొంచెం పైన, పాదాలు అడుగు అంచుకు ఆనకుండా ఉండాలి.

అయిదు. పాటను వైరు ఉన్న స్పీకరులోనో, నేరుగా రెండో ఫోనులోనో మోగించండి. బ్లూటూత్ స్పీకరు వద్దు. అందులో పాట కొంచెం ఆలస్యంగా వస్తుంది. యాప్‌లోనే పాట మోగిస్తూ తీస్తే, మీరు దానికి సరిగ్గా పాడినా, యాప్ కలిపే పాట కంటే మీ పెదవి వెనకబడుతుంది.

ఆరు. ఒకే చోట మొత్తం పాటను మూడుసార్లు దూరం నుంచి, మూడుసార్లు దగ్గరి నుంచి తీయండి. ముక్కలు ముక్కలుగా తీస్తే ముఖంలోని భావం ప్రతి ముక్కకూ మారిపోతుంది. ప్రతిసారీ పాట కంటే రెండు సెకన్లు ముందు కెమెరా నొక్కి, రెండు సెకన్లు ఆలస్యంగా ఆపండి.

ఏడు. ఇంటికి రాకముందే చూసుకోండి. ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుని, ఓష్ఠ్యాల దగ్గర మాత్రమే. తప్పు అక్కడే దొరికితే అక్కడే మళ్లీ తీయవచ్చు. గండికోటకు రెండోసారి వెళ్లే ఖర్చు మిగులుతుంది.

ఓణీ గాలిలో తేలుతూ, పెదవి మాత్రం పాటతో సరిగ్గా కలిసే వీడియోలు ఎలా తీస్తారని తరచు అడుగుతారు. పాటను రెండింతల వేగంతో మోగించి, ఆ వేగానికే పాడుతూ సెకనుకు 60 ఫ్రేములతో తీయాలి. తరువాత వీడియో వేగాన్ని సగానికి తగ్గించి అసలు పాట కలపాలి. పెదవి సరిపోతుంది, ఒళ్లు నెమ్మదిగా తేలుతుంది. తీసేటప్పుడు చూసేవారు మాత్రం మీకు ఏమైందా అనుకుంటారు.

## 8. ఎడిటింగ్

ముందు పెదవి కలపండి, తరువాతే రంగులు. ఫోనులో ఒక ఫ్రేము అంటే సెకనులో ముప్పయ్యో వంతు. పెదవి వెనకబడితే వీడియో రెండు మూడు ఫ్రేములు ముందుగా మొదలయ్యేలా జరిపి, ఓష్ఠ్యం దగ్గర ఆపి చూడండి. పెదవులు కలిసిన ఫ్రేములో "మ" వినబడాలి.

కోత దెబ్బ మీద పడాలన్నది పాత మాటే. నా అనుభవంలో గాయని గొంతు ముందున్న పాటల్లో డప్పు దెబ్బ కంటే ఊపిరి దగ్గర కోయడం మేలు. మాట మధ్యలో ముఖం మారితే గొంతు కూడా మారినట్టు అనిపిస్తుంది. ఇరవై సెకన్లకు మూడు నాలుగు కోతలు చాలు.

ముఖాన్ని నున్నగా చేసే ఫిల్టర్లు పెదవి అంచులను కూడా చెరిపేస్తాయి. ఇంత సాధన చేసి చివరకు పెదవినే చెరిపేసుకోవడం ఎందుకు?

ఎడిటింగ్ యాప్‌లో పని ముగిశాక పాట లేకుండా వీడియోను మాత్రమే దాచుకోండి. అధికారిక పాటను పోస్టు చేసే యాప్‌లో కలిపి, మొదటి ఓష్ఠ్యం దగ్గర మరోసారి సరిచూసుకోండి. ఇలా చేస్తేనే మీ వీడియో ఆ పాట వరుసలో కనిపిస్తుంది.

## 9. మీరే పాడాలనుకుంటే

ఇది వేరే పని, కానీ అడిగేవారు పెరుగుతున్నారు.

మొదటి శత్రువు గది. మన ఇళ్లలో కింద కడప బండలు, చుట్టూ సున్నం గోడలు. పాడితే బావిలో పాడినట్టే ఉంటుంది. బండల మీద బొంత పరచండి, మీ ఎదురుగా తలుపుకు మందపాటి దుప్పటి వేలాడదీయండి. బట్టల బీరువా తెరిచి దాని ముందు నిలబడితే ఇంకా మంచిది. వేలాడే చీరలు ప్రతిధ్వనిని మింగేస్తాయి. పంకా, ఫ్రిజ్ ఆపండి. ఫ్రిజ్ మళ్లీ వేయడం మరచిపోకుండా బండి తాళం అందులో పెట్టండి.

రెండోది శ్రుతి, అంటే పాటకు ఆధారమైన స్వరం ఎత్తు. దాన్ని అంకెల్లో చెబుతారు, అంకె పెరిగితే ఎత్తు పెరిగినట్టు. గాయని శ్రుతిలోనే పాడాలన్న పట్టుదల వద్దు. ఆడవారి గొంతులు చాలావరకు అయిదు శ్రుతి చుట్టుపక్కల ఉంటాయి గానీ మీది నాలుగున్నర కావచ్చు, ఆరు కావచ్చు. పాటలో అన్నిటికంటే పై స్వరం అరవకుండా, కింది స్వరం గొంతు పోకుండా అందిన చోటే మీ శ్రుతి. ఫోనులో తంబూరా యాప్ పెట్టుకుని వెతకండి.

ఫోను నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉంచండి. ఎదురుగా పెడితే ప, భ దగ్గర గాలి దెబ్బ పడుతుంది.

మీ గొంతుతో పాడినా బాణీ, మాటలు వేరొకరివి. యూట్యూబ్‌లో హక్కుల సూచన రావచ్చు, ఆ వీడియో ఆదాయం హక్కుదారులకు పోవచ్చు. ఎవరో చేసిన కరోకే ట్రాకుకు (గొంతు లేని వాద్య సంగీతానికి) కూడా హక్కులుంటాయి. తంబూరా, ఒక కంజీరతో పాడితే ట్రాకు తలనొప్పి ఉండదు, గొంతూ బాగా వినిపిస్తుంది.

## 10. పోస్టు చేయడం

- ముఖచిత్రంగా కళ్లు తెరిచి, నోరు మూసి ఉన్న ఫ్రేము
- రెండు వరుసల రాత: పాడినవారు, రాసినవారు, ఎక్కడ తీశారో
- మూడు నుంచి అయిదు హ్యాష్‌ట్యాగులు, వాటిలో గాయని పేరు ఒకటి
- మీ వీడియోను ఇతరులు దించుకునే, తిరిగి వాడుకునే సౌకర్యం కావాలా వద్దా అన్నది సెట్టింగుల్లో ఎంచుకోవడం
- వ్యాఖ్యల వడపోతలో తెలుగు తిట్లు, ఇంగ్లీషు అక్షరాల్లో రాసే తిట్లు రెండూ చేర్చడం

చోటు పేరు రాయండి, కానీ అక్కడి నుంచి వచ్చేశాక. కాలేజీ గుర్తింపు కార్డు, బండి నంబరు, ఇంటి గేటు మీది పేరు కనిపిస్తున్నాయేమో ఒక్కో ఫ్రేము ఆపి చూడండి. ఎవరైనా మీ వీడియోను మార్చి వేధిస్తే, భయపడి తీసేయకముందే తెరపటాలు (స్క్రీన్‌షాట్లు), లింకులు దాచుకోండి. జాతీయ సైబర్ నేర పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు, మహిళల సహాయానికి 181 ఉంది. అమ్మకో అక్కకో చెప్పడం మాత్రం అన్నిటికంటే ముందు.

## 11. పదే పదే వచ్చే తప్పులు, దిద్దుబాట్లు

పాట మూగబోయింది. నకలు ఆడియో అయినా అయి ఉండాలి, ఖాతా వ్యాపారానిదైనా అయి ఉండాలి. పాట లేకుండా దాచుకున్న వీడియో ఉంటే అధికారిక ఆడియోతో మళ్లీ పెట్టండి. లేదంటే ఆ వీడియో పోయినట్టే.

ముఖం నల్లగా, ఆకాశం తెల్లగా వచ్చింది. పొద్దుకు వీపు పెట్టి నిలబడ్డారు. అటు తిరగండి. తిరగడానికి వీలు లేకపోతే తోడు వచ్చినవారితో తెల్ల పంచె ఒకటి మడత విప్పి మీ ముఖం వైపు పట్టించండి, చీకటి సగం పోతుంది.

మొదట బాగుంది, చివరకు పెదవి జారింది. పాట వేగం తెలియకుండా మారింది. పెంచిన నకలుకు సాధన చేసి అసలు దానితో కలిపి ఉంటారు. సాధన, చిత్రీకరణ, పోస్టు మూడింటికీ ఒకే ఆడియో ఉండాలి.

చూసినవారు రెండో సెకనుకే వెళ్లిపోతున్నారు. మొదటి సెకనులో మీరు కెమెరా నొక్కి వెనక్కి నడుస్తున్నారు. ఆ ముక్క కోసేయండి.

అడుగులు సరిగానే ఉన్నాయి, అయినా బరువుగా ఉంది. లెక్క బయటికి కనిపించేలా పెదవులతో "ఒకటి, రెండు" అంటున్నారేమో చూడండి. ఒక ఉమ్మడి కుటుంబపు సంగీత్ వీడియోలో పదకొండు మందీ అదే పని చేశారు. పెళ్లికూతురు పాడుతుంటే వెనకంతా ఎక్కాలు చదువుతున్నట్టుంది. చేసేది లేక వెనక వరుసను మసకబార్చి ఇచ్చాను. వాళ్లకు అదే బాగా నచ్చింది.